ఉదయం వెళ్లి చీకటి పడేలోగా ఇంటికి: దగ్గర్లో ఒకరోజు ప్రయాణం ఎలా పెట్టుకోవాలి

సెలవు వస్తోందంటే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. "మా చుట్టుపక్కల చూడ్డానికి ఏమీ లేదు, ఎక్కడికి వెళ్లమంటారు?" అనేది ఒకటి. "వెళ్లొచ్చాం గానీ ఒళ్లు హూనమైంది, ఎందుకు వెళ్లామా అనిపించింది" అనేది రెండోది. మొదటిదానికి జవాబు మ్యాప్‌లో దొరుకుతుంది, రెండోదానికి గడియారంలో. చోటు బాగోలేక చెడిపోయే ప్రయాణాలు తక్కువ. వెనక్కి ఎప్పుడు తిరగాలో ముందే అనుకోక చెడిపోయేవే ఎక్కువ. అందుకే ఈ పద్ధతి అంతా ఆ ఒక్క సమయం చుట్టూనే తిరుగుతుంది. సొంత బండి మీద వెళ్లినా, బస్సులో వెళ్లినా, ఒక్కరే వెళ్లినా, ఇంటిల్లిపాదీ కదిలినా ఇది పనికొస్తుంది.

కావలసినవి

- ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్, నిండా చార్జింగ్ ఉన్న ఫోన్, వీలైతే పవర్ బ్యాంక్
- ఒక కాగితం, పెన్ను
- మంచినీళ్లు: నడక ఉంటే మనిషికి గంటకు అర లీటరు లెక్కన. ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ
- ఇదివరకే వాడి, కాలికి అలవాటైన బూట్లు లేదా చెప్పులు
- టోపీ, వానకు పైన వేసుకునేది
- చిన్న టార్చి, ఒక విజిల్
- బ్యాండేజీ, టేపు, రోజూ వేసుకునే మందులు ఒక పూటవి అదనంగా
- చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఖాళీ సంచి

విజిల్ ఎందుకని చాలామంది అడుగుతారు. దారి తప్పినప్పుడో కాలు బెణికినప్పుడో అరిస్తే గొంతు త్వరగా పోతుంది, విజిల్ మాత్రం చాలా దూరం వినిపిస్తుంది. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదడం కొండల్లో తిరిగేవాళ్లకు తెలిసిన ఆపద సంకేతం.

1. మ్యాప్ మీద మీ వలయం గీసుకోండి

కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి గంటల లెక్క చూడండి. ఇంటి బయట గడపడానికి ఎనిమిది గంటలు ఉన్నాయనుకుందాం. అందులో రానూపోనూ ప్రయాణానికి మూడు గంటలు దాటనివ్వొద్దు. అంటే ఒకవైపు గంటన్నర. అర రోజే ఉంటే ఒకవైపు నలభై నిమిషాలు చాలు. ఆ సమయంలో చేరగలిగే చోట్లన్నీ మీ వలయం కిందికి వస్తాయి.

ఇప్పుడు ఆ వలయంలో వెతకండి. ఊరి పేర్లు వదిలేసి రంగులు చూడండి. నీలం మచ్చ కనిపిస్తే నీళ్లు, పచ్చ మచ్చ కనిపిస్తే చెట్లు. ఎత్తు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ నిటారు కొండ, దూరం దూరంగా ఉంటే మెల్లటి ఏటవాలు. ఉపగ్రహ చిత్రానికి మార్చి చూస్తే మామూలు మ్యాప్‌లో లేని కాలిబాటలు, పాడుబడ్డ గోడలు, చెట్ల తోపులు బయటపడతాయి. కాలిబాటల కోసం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా తెరిచి చూడండి. 2004లో మొదలైన ఈ మ్యాప్‌ను మామూలు జనమే గీస్తారు కాబట్టి, వాహనాల మ్యాప్‌లు పట్టించుకోని సన్నటి బాటలు అందులో చాలాచోట్ల ఉంటాయి.

నీళ్లూ కొండలూ లేని చోట ఉంటున్నారా? పాత కట్టడాలు, మ్యూజియం, మొక్కల నర్సరీ, చేతిపనివాళ్లు పనిచేసే వీధి, ఎప్పుడూ దిగని రైల్వే స్టేషన్, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఏదీ తోచకపోతే మీ ఇంటి ముందు నుంచి వెళ్లే బస్సు ఎక్కి చివరి స్టాపులో దిగండి. రోజూ చూసే బస్సే అయినా, అది ఎక్కడిదాకా పోతుందో చూసినవాళ్లు తక్కువ.

*జాగ్రత్త:* ఫొటోలు చూసి చోటు తేల్చుకోవద్దు. ఫొటోలో నిండుగా ఉన్న జలపాతం మీరు వెళ్లే నెలలో ఎండిపోయి ఉండొచ్చు. ఫొటో ఏ నెలలో తీశారో చూడండి, ఈ మధ్యే వెళ్లొచ్చినవాళ్లు రాసింది చదవండి.

2. ఒక్క పనే పెట్టుకోండి

ఒక ప్రయాణం, ఒక ముఖ్యమైన పని. చెరువు దగ్గర పక్షులను చూడటమో, గుట్ట ఎక్కడమో, కోట చూడటమో. "ఎలాగూ అటు వెళ్తున్నాం కదా" అంటూ మరో రెండు చోట్లు జతచేశారంటే రోజంతా బండిలోనే గడుస్తుంది.

దీనికి తోడుగా ప్రత్యామ్నాయం ఒకటి రాసుకోండి. అది అదే దారిలో ఉండాలి, వాన పడినా చూడగలిగేదై ఉండాలి, నడక తక్కువగా ఉండాలి. గేటు మూసి ఉన్నా, జనం కిక్కిరిసి ఉన్నా రోడ్డు పక్కన నిలబడి చర్చించుకోకుండా అటు వెళ్లిపోవచ్చు.

3. వెనక నుంచి ముందుకు లెక్క వేయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. కాగితం తీసి, ఇంటికి చేరాల్సిన సమయం అన్నిటికంటే కింద రాయండి. అక్కడి నుంచి పైకి రండి.

నడకకు ఎంత పడుతుందో అంచనా వేయడానికి ఒక పాత సూత్రం ఉంది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పింది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఇది ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుడి లెక్క. నీళ్లు తాగుతూ, ఫొటోలు తీసుకుంటూ, పిల్లల వెంట నడిచేవాళ్లు దాన్ని ఒకటిన్నరతో హెచ్చవేసుకోవాలి.

ఒక గుట్ట తీసుకుందాం. నడక ఒకవైపు 4 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 300 మీటర్లు.

- 4 కిలోమీటర్లకు 48 నిమిషాలు, ఎత్తుకు 30, మొత్తం 78. ఒకటిన్నరతో హెచ్చవేస్తే ఎక్కడానికి దాదాపు 2 గంటలు.
- దిగడానికి 48 నిమిషాలు, ఒకటిన్నరతో హెచ్చవేస్తే 72.
- ఇంటికి చేరాల్సింది సాయంత్రం 5:00. తిరుగు ప్రయాణం గంటన్నర. అంటే బండి కదలాల్సింది 3:30కి.
- అనుకోని ఆలస్యాలకు అరగంట. అంటే గుట్ట కింద ఉండాల్సింది 3:00కి.
- దిగడానికి 72 నిమిషాలు తీసేస్తే, పైన వెనక్కి తిరగాల్సిన సమయం 1:48. కాస్త ముందుకు జరిపి 1:45 అనుకుందాం.

ఆ 1:45ను పెద్ద అక్షరాలతో రాసి చుట్టూ గీత గీయండి. ఫోన్‌లో అలారం పెట్టండి. వెంట వచ్చే అందరికీ ఇంట్లోనే చెప్పండి. 1:45 అయ్యేసరికి శిఖరం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. వినడానికి కఠినంగా ఉంటుంది. కానీ ఆ పది నిమిషాలు అక్కడితో ఆగవు. పైకి పది, పైన పావుగంట, దిగడానికి ఇంకో పది, వెరసి అరగంట పైనే పోతుంది. ఆలస్యాలకు దాచుకున్న అరగంట కూడా అక్కడే ఖర్చయితే, కింద దారిలో ఏ చిన్న అడ్డంకి వచ్చినా చీకట్లో పడతారు.

ఇదే లెక్కను ముందు వైపు నుంచి సరిచూసుకోండి. ఉదయం 7:30కి బయల్దేరితే 9:00కి గుట్ట కింద, 11:00కి పైన. 1:45 దాకా దాదాపు మూడు గంటలు మీవి. ఒకవేళ పైన గంట కూడా మిగలడం లేదని తేలితే ఆ చోటు ఒకరోజుకు పెద్దది. ఇంకా దగ్గరిది వెతకండి, లేదా ఇంకా పొద్దున్నే బయల్దేరండి.

*బస్సులో వెళ్తే:* ఇంటి సమయం బదులు, చివరి బస్సుకు ముందు బస్సు సమయాన్ని అడుగున రాసి మొదలుపెట్టండి. చివరి బస్సును నమ్ముకుంటే, అది రాకపోతే చేతిలో ఇంకేమీ ఉండదు.

4. ఆకాశం సంగతి చూడండి

ముందురోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి వాతావరణం చూడండి. "వాన పడుతుందా" అన్నదొక్కటే చూసి వదిలేయొద్దు. యూవీ ఇండెక్స్ (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకె) 3కి చేరితే టోపీ, పొడుగు చేతుల చొక్కా కావాలి. 8కి చేరితే నడినెత్తిన ఎండ ఉండే వేళ నీడ వదలొద్దు. ఫోన్ చూడకుండా తెలుసుకోవాలంటే మీ నీడ చూసుకోండి. అది మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఎండ గట్టిదని అర్థం.

గుట్ట మీద చల్లగా ఉంటుందని చిన్న నీళ్ల సీసాతో బయల్దేరేవాళ్లున్నారు. గాలి ఉష్ణోగ్రత వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మన 300 మీటర్ల గుట్టకు తగ్గేది రెండు డిగ్రీలే. ఎక్కేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి అంతకంటే ఎక్కువ.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ముప్ఫై లోపు వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉందన్నమాట. వెంటనే గట్టి భవనంలోకో, మూసిన కారులోకో వెళ్లాలి. ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి.

5. తలుపు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి

మ్యూజియాలు, కొన్ని పార్కులు, కొన్ని రక్షిత కట్టడాలు వారంలో ఒకరోజు మూస్తారు. అది సోమవారం కావొచ్చు, మరో రోజు కావొచ్చు. మూసే సమయం వేరు, లోపలికి ఆఖరున రానిచ్చే సమయం వేరు. మీకు కావలసింది రెండోది. అడవి ప్రాంతమైతే అనుమతి కావాలా అని ఆ వారంలోనే ఫోన్ చేసి అడగండి.

6. ముందురాత్రే సంచి సర్దండి

పొద్దున సర్దుదామనుకుంటే బయల్దేరడం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం రోజు చివరిదాకా వెంటాడుతుంది. నీళ్లు, తిండి అడుగున, వానకోటు పైన, టార్చి చేతికందే జేబులో. వండి తీసుకెళ్లే తిండి బయటి వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే. అంతకంటే ఎక్కువసేపు ఉంచాల్సి వస్తే పాడవని పొడి తిండి తీసుకెళ్లండి.

ఫోన్ విషయంలో రెండు సంగతులు తెలుసుకోండి. ఒకటి, సిగ్నల్ అందని చోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది. అలాంటి చోట ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందుకోవడమే గానీ పంపేదేమీ ఉండదు కాబట్టి, ఆ మోడ్‌లోనూ పనిచేస్తుంది. రెండు, గూగుల్ మ్యాప్స్‌లో ప్రాంతాన్ని డౌన్‌లోడ్ చేసుకున్నా, నెట్ లేనప్పుడు అది కారు దారి చెబుతుంది గానీ నడక దారి చెప్పదు. నడవాల్సిన బాట స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

7. ఒకరికి చెప్పి వెళ్లండి

ఇంట్లోనో, పక్కింట్లోనో ఒకరికి ఇలా మెసేజ్ పెట్టండి: "ఫలానా గుట్టకు వెళ్తున్నాం, నలుగురం. తూర్పువైపు బాటలో ఎక్కుతాం. సాయంత్రం 5కి ఇంట్లో ఉంటాం. 7 దాకా ఫోన్ రాకపోతే వెతికించండి." చోటు, దారి, ఎంతమంది, ఏ గంట దాటితే కంగారుపడాలి, ఈ నాలుగూ ఉండాలి. తిరిగొచ్చాక ఆ మనిషికి చెప్పడం మరవకండి.

8. చేరాక మొదట కూర్చోండి

దిగగానే ఫోన్ తీసి చుట్టూ తిరిగేస్తే అరగంటలో "అయిపోయింది, ఇక పోదామా" అనిపిస్తుంది. అలా కాకుండా, చేరిన వెంటనే ఒకచోట ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. మనం వచ్చిన అలికిడికి అక్కడి ప్రాణులన్నీ సద్దుమణుగుతాయి. అవి మళ్లీ తమ పనిలో పడటానికి కాస్త సమయం పడుతుంది.

చెరువు గట్టు మీద ఇది చేసి చూడండి. మొదటి ఐదు నిమిషాలూ ఉత్త నీళ్లే. తర్వాత లకుముకిపిట్ట ఒకటి వచ్చి నీళ్ల మీదికి వంగిన కొమ్మ మీద వాలుతుంది. తల కిందికి దించి చూస్తుంది, రాయిలా దూకుతుంది, చేపతో తిరిగి అదే కొమ్మకు వస్తుంది. చేపను కొమ్మకేసి అటూ ఇటూ బాది, కదలడం మానాక తలవైపు నుంచి మింగేస్తుంది. దానికి నచ్చిన కొమ్మ ఏదో తెలిసిపోయింది కాబట్టి ఇక మీరు దాన్ని వెతకనక్కర్లేదు. అటే చూస్తూ ఉంటే చాలు.

పాత కట్టడమైతే గోడకు దగ్గరగా వెళ్లి పక్క నుంచి చూడండి. పొద్దున్నే గానీ, పొద్దువాలాక గానీ వెలుగు ఏటవాలుగా పడుతుంది. మధ్యాహ్నం నున్నగా కనిపించిన రాయి మీద అప్పుడు ఉలి దెబ్బలు, అరిగిన అక్షరాలు నీడలుగా లేస్తాయి. మెట్లు చూడండి. ఎటువైపు ఎక్కువ అరిగాయో దాన్నిబట్టి జనం ఎటునుంచి నడిచేవారో తెలుస్తుంది.

పిల్లలుంటే ఇరవై నిమిషాలు అత్యాశే, ఐదు చాలు. వాళ్లకొక పని అప్పజెప్పండి: మ్యాప్ పట్టుకోవడం, వెనక్కి తిరిగే సమయాన్ని గుర్తుచేయడం, ఎన్ని రకాల ఆకులున్నాయో చూడటం. ఆ అలారం పిల్లల చేతిలో ఉంటే పెద్దవాళ్లు కూడా మాట తప్పరు.

*జాగ్రత్తలు:* తెలియని నీళ్లలో దిగొద్దు. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడదోయగలవు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును కొట్టుకుపోయేలా చేయగలవు. వాగు దాటి వెళ్లినచోట, పైన ఎక్కడో వాన పడుతున్నట్టు అనిపిస్తే ముందే ఇటు వచ్చేయండి. మూసిన కారులో పిల్లలను గానీ పెంపుడు జంతువులను గానీ ఒక్క నిమిషం కూడా వదలొద్దు. ఎండలో లోపలి వేడి పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరగగలదు. నడకలో కాలికి ఎక్కడైనా చురుక్కుమంటే అప్పుడే ఆగి టేపు వేయండి. బొబ్బ లేచాక వేసినా నొప్పి ఎక్కడికీ పోదు.

9. తిరుగు ప్రయాణం

అలారం మోగింది. సంచిలో చెత్త వేసుకుని, కూర్చున్నచోట ఒకసారి వెనక్కి చూసి కదలండి. గడియారం లేకపోతే చెయ్యి ముందుకు చాపి, అరచేతిని అడ్డంగా పెట్టి సూర్యుడికీ నేలగీతకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒక్కో వేలు సుమారు పావుగంట. ఇది ఉజ్జాయింపే. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు దిగాక సంజెవెలుగు ఎక్కువసేపు నిలవదు కాబట్టి ఒక వేలు తగ్గించే లెక్కపెట్టుకోండి.

బండి నడిపే మనిషికి కునుకు వస్తుంటే పాటలు పెట్టడం, కిటికీ తెరవడం మీద ఆధారపడొద్దు. భద్రమైన చోట ఆపి పావుగంట, ఇరవై నిమిషాలు పడుకోవాలి. లెక్కలో దాచిన ఆ అరగంట ఇలాంటివాటికే.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

- *మ్యాప్ చెప్పిన సమయాన్నే నమ్మడం.* అది మధ్యలో ఆగడం, పార్కింగ్ వెతకడం లెక్కలో వేసుకోదు. గంట చెబితే గంటంబావు రాసుకోండి.
- *గుంపును పెంచడం.* మనిషి పెరిగినకొద్దీ బయల్దేరే సమయం జారుతుంది. మొదటి ప్రయాణానికి నలుగురు చాలు. ఎక్కువమంది వస్తామంటే, అందరూ ఒకచోట చేరాక కదలడం మానేసి నేరుగా చోటు దగ్గరే కలుద్దామని చెప్పండి.
- *వేగంగా నడిచేవాళ్లు ముందుండటం.* వాళ్లు ముందుకెళ్లి ఆగి ఉంటారు, వెనకవాళ్లు చేరేసరికి లేచి కదిలిపోతారు. అందరికంటే విశ్రాంతి కావలసిన మనిషికే అది దక్కదు. నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి.
- *కొత్త బూట్లు.* ప్రయాణం కోసమే కొన్నవైతే కనీసం వారం ముందు నుంచి ఇంటి దగ్గర తొడుక్కుని తిరగండి.
- *దాహం వేశాకే నీళ్లు తాగడం.* నడకలో ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగుతూ పోండి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారిందంటే నీళ్లు చాలడం లేదు.

బాగా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

మర్నాడు పొద్దున మూడు ప్రశ్నలు వేసుకోండి. లేవగానే ఒళ్లు మామూలుగా ఉందా? ఫొటో తీయనిది ఏదైనా ఒకటి గుర్తుందా? గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచిన మనిషి మళ్లీ వస్తానంటున్నారా? మూడోదానికి "లేదు" అని వస్తే, మిగతా రెండిటికీ "అవును" అని వచ్చినా నడక తగ్గించాల్సిందే.

తర్వాత ఆ కాగితం తీసి, అనుకున్న సమయాల పక్కన నిజంగా పట్టిన సమయాలు రాయండి. మన గుట్ట ఎక్కడానికి సూత్రం ప్రకారం 78 నిమిషాలు, మీకు 140 పట్టిందనుకోండి. 140ని 78తో భాగిస్తే సుమారు 1.8. అది మీ ఇంటి లెక్క. ఇకమీదట ఒకటిన్నర బదులు 1.8తో హెచ్చవేయండి. రెండుమూడు ప్రయాణాలు రాసుకుంటే ఆ అంకె కుదురుకుంటుంది. ఎండాకాలానికి ఒకటి, చల్లటి నెలలకు ఒకటి విడిగా ఉంచుకోండి. పిల్లలు పెరిగినప్పుడు, కొత్త మనిషి జతైనప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. అంకె 2 దాటితే వలయం మార్చనక్కర్లేదు, నడక దూరాన్ని సగం చేయండి.